మన మండలంలో ఎన్నికల ప్రచార చరిత్ర రాయాలంటే

గెలుపోటముల లెక్కలు భారత ఎన్నికల సంఘం నివేదికల్లో దొరుకుతాయి. ప్రచారం ఎలా జరిగిందన్నది మాత్రం గోడల మీద రాసినవారిని, మైకు జీపు తోలినవారిని, డప్పు కొట్టినవారిని అడిగి తెలుసుకోవలసిందే.

ముందుగా హద్దులు తేల్చుకోండి. మన చౌటుప్పల్ మండలం ఇవాళ యాదాద్రి భువనగిరి జిల్లాలో, మునుగోడు శాసనసభ నియోజకవర్గంలో ఉంది. 2016 అక్టోబరు దాకా అది నల్లగొండ జిల్లాలోనిది, పైగా మునుగోడు ఇప్పుడున్న భువనగిరి లోక్‌సభ స్థానానికి తొలి ఎన్నిక జరిగిందే 2009లో. ఇది చూసుకోకపోతే పక్క నియోజకవర్గం ఓట్లు మన ఖాతాలో పడతాయి. పార్టీ పేర్ల దగ్గరా ఇదే జాగ్రత్త అవసరం. 1952 ఫలితాల్లో ఇక్కడ కమ్యూనిస్టు పార్టీ పేరు కోసం వెతికితే దొరకదు, ఎందుకంటే హైదరాబాదు రాష్ట్రంలో దానిపై నిషేధం ఉండడంతో ఆ అభ్యర్థులు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ తరఫున నిలబడ్డారు. నల్లగొండలో నెహ్రూను మించి ఓట్లు తెచ్చుకున్న రావి నారాయణరెడ్డి కూడా ఆ పేరు కిందే కనిపిస్తారు.

పెద్దలను సంవత్సరం అడగకండి. నేను అలా అడిగి, రెండు ఎన్నికలను ఒకటిగా రాసుకుని, తర్వాత నాలుగు పేజీలు కొట్టివేశాను. సాగర్ కాలువకు నీళ్లు వదిలిన 1967 ఆగస్టుకు ముందా, తర్వాతా అని అడిగితే జ్ఞాపకం దారిలో పడుతుంది. ఆపైన, “తాతా, గప్పుడు మన గోడ మీద ఎవలు రాసిండ్రు, రంగు పైసలు ఎవలిచ్చిండ్రు?” అని చిన్న ప్రశ్నలే వేయండి, ఎవరు గెలిచారన్న ప్రశ్నకు ఎక్కడైనా వినిపించే జవాబే వస్తుంది.

1996కు మాత్రం ఎక్కువ పేజీలు కేటాయించండి. ఫ్లోరైడ్ నీళ్ల గోస దేశానికి తెలియాలని వందలాది మంది నామినేషన్లు వేయడంతో నల్లగొండ లోక్‌సభ స్థానంలో 480 మంది బరిలో మిగిలారు, బ్యాలెట్ పుస్తకమైంది. ఆ ఏడు నామినేషనే ప్రచారం. కాబట్టి నామినేషన్‌తో కట్టే ధరావతు (డిపాజిట్) 500 రూపాయలు చందా వేసుకున్నారా, సొంతంగా కట్టారా, ఓటరు ఆ పుస్తకంలో తన గుర్తును ఎలా వెతుక్కున్నాడు అన్నవి అడగండి. అదే ఏడాది ధరావతును 10,000కు పెంచిన సంగతిని కూడా వెంటనే చేర్చాలి.

సర్పంచ్ ఎన్నికలు పార్టీలకు అతీతంగా జరుగుతాయని చట్టం చెబుతుంది, ఊళ్లో మాత్రం ఉంగరం ఎవరిదో, కత్తెర ఎవరిదో అందరికీ తెలుసు. మీరు గుర్తునూ రాయండి, దాని వెనుక పార్టీ ఉందని ఊరివాళ్లు చెప్పిన మాటనూ రాయండి, రెండింటినీ కలిపేయకండి. పైసలు, మందు పంచిన ముచ్చట్లలో పేర్లు వద్దు. చిత్తుప్రతిని రచ్చబండ దగ్గర చదివి వినిపించండి; “గది కాదు బిడ్డా” అని ఎవరైనా అడ్డుపడితే ఆ మాటను కూడా పక్కన రాసుకోండి.