టర్బో కారులో ఆయిల్ మార్చే ముందు చూసుకోవాల్సినవి

ముందు కారుతో వచ్చిన మాన్యువల్ తెరవండి. 5డబ్ల్యూ-30 అని చిక్కదనం గ్రేడ్ ఒక్కటే చూసి డబ్బా కొనేయకండి, ఆయిల్ నాణ్యతకి అమెరికా ప్రమాణం ఏపీఐ గానీ యూరప్ ప్రమాణం ఏసీఈఏ గానీ, మాన్యువల్‌లో ఏ స్పెసిఫికేషన్ అడిగారన్నదే ముఖ్యం. ఇప్పటి పెట్రోల్ టర్బోలకి ఎక్కువగా ఏపీఐ ఎస్‌పీ రకం ఫుల్ సింథటిక్ సరిపోతుంది; డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న డీజిల్‌కైతే బూడిద తక్కువ వచ్చే ఆయిలే పోయాలి, లేకపోతే ఆ ఫిల్టర్ పూడుకుపోతుంది.

ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, దానికి ఆధారం పలుచటి ఆయిల్ పొరే, ఆ వేడికి పాతబడ్డ ఆయిల్ మాడి గట్టిపడి టర్బోకి ఆయిల్ తెచ్చే సన్నటి పైపుని మూసేస్తుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో ఇంజిన్ సరిగ్గా వేడెక్కక తేమా, పెట్రోలూ ఆయిల్‌లోనే ఉండిపోతాయి, స్లడ్జ్ (జిడ్డు మడ్డి) మొదలయ్యేది అక్కడే. కాబట్టి కిలోమీటర్లు నిండలేదని ఆగకుండా ఏడాదికోసారైనా మార్చేయండి.

ఆయిల్ పోసే మూత తీసి లోపలికి చూడండి. నల్లటి జిడ్డు పేరుకుని ఉంటే రసాయనం పోసి లోపల కడిగే ఫ్లష్ వద్దనండి (షెడ్డులో ఎలాగూ అంటగట్టాలని చూస్తారు), ఊడిన ముక్కలు ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లోని జల్లెడకి అడ్డం పడితే ఇంజిన్‌కీ టర్బోకీ ఆయిల్ అందదు. సంప్ విప్పి శుభ్రం చేయించడమే మేలు.

కొత్త ఫిల్టర్, డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషర్ దగ్గర పెట్టుకోండి. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ మీదున్న పై గీతని ఆయిల్ దాటనివ్వొద్దు. స్టార్ట్ చేశాక ఆయిల్ లైటు ఆరి ఇంకో నిమిషం గడిచేదాకా యాక్సిలరేటర్ జోలికి వెళ్లకండి.