పాస్‌వర్డ్ పదే పదే అడిగే ఇంటి కంప్యూటర్: ముందు అడిగేదెవరో చూడండి

విశాఖపట్నం పెదవాల్తేరులో ఉంటున్న మా మామయ్య మొన్నటి వర్షాకాలంలో ఒకరోజు ఫోన్ చేసి, "ఒరేయ్, మన ఇంట్లో మనల్నే నువ్వెవరని అడుగుతోందిరా ఈ కంప్యూటర్, ఒకసారి వచ్చి చూడు" అన్నారు. వెళ్లి చూస్తే, బల్ల పక్క గోడకు వేలాడుతున్న క్యాలెండరు మీద పెన్సిలుతో రాసిన మూడు పాస్‌వర్డులు, వాటిలో రెండింటి మీద అడ్డగీతలు కనిపించాయి. వారం రోజుల్లో ఆయన ఈమెయిల్ పాస్‌వర్డును మూడుసార్లు మార్చారు. మార్చిన ప్రతిసారీ గొడవ తగ్గకపోగా ఫోను కూడా అడగడం మొదలుపెట్టింది. చాలామంది మొట్టమొదట చేసే పని ఇదే. నా లెక్కలో మాత్రం పాస్‌వర్డ్ మార్చడం అన్నిటికంటే చివర చేయవలసిన పని, ఎందుకంటే పాతది ఎక్కడెక్కడ దాచి ఉందో తెలుసుకోకుండా కొత్తది పెడితే, తప్పు పాస్‌వర్డ్ పంపే చోట్లు ఒకటికి నాలుగవుతాయి.

కాబట్టి ముందుగా అడుగుతున్నది ఎవరో తేల్చుకోవాలి. కంప్యూటర్ ఆన్ చేయగానే, లేదా స్లీప్ నుంచి లేవగానే తెర నిండా వచ్చేది విండోస్ సైన్-ఇన్. పని మధ్యలో చిన్న పెట్టెగా వచ్చి, దాని పైన విండోస్ సెక్యూరిటీ అని రాసి ఉంటే, అది సాధారణంగా మెయిల్ ప్రోగ్రామ్ కోసమో, ఇంట్లోని మరో కంప్యూటర్లో ఉన్న ఫోల్డర్ కోసమో అడుగుతున్నదై ఉంటుంది. తెర మసకబారి, ఫలానా ప్రోగ్రామ్ మార్పులు చేయవచ్చా అంటూ పాస్‌వర్డ్ కోరితే, మీరు వాడుతున్నది అడ్మినిస్ట్రేటర్ ఖాతా కాదని అర్థం. దానిలో బాగుచేయవలసింది ఏమీ లేదు. బ్రౌజర్లో పేజీ లోపల కనిపించేది ఆ వెబ్‌సైటుది. పెట్టె కనబడగానే కంగారుగా పూరించకుండా ఫోనుతో ఒక ఫొటో తీసి ఉంచుకుంటే, ఏ పేరుతో వచ్చింది, ఏ ఖాతా గురించి అడిగింది అన్నవి తరువాత తీరికగా చదువుకోవచ్చు.

సరైన పాస్‌వర్డే కొడుతున్నా ఒప్పుకోవడం లేదంటే కీబోర్డును అనుమానించాలి. పాస్‌వర్డ్ గడి చివర కన్ను బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే మీరు నిజంగా ఏ అక్షరాలు కొట్టారో కనిపిస్తుంది. తెలుగు టైపింగు కోసం ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టుకున్న ఇళ్లలో సైన్-ఇన్ తెర కూడా ఒక్కోసారి తెలుగులోకి మారి ఉంటుంది. చుక్కలు చుక్కలుగానే కనబడతాయి కాబట్టి లోపల తెలుగు అక్షరాలు పడుతున్నాయని తెలియదు. తెర కుడివైపు కింద ఉండే భాష గుర్తును చూసి, విండోస్ కీ పట్టుకుని స్పేస్‌బార్ నొక్కితే ఇంగ్లీషుకు మారుతుంది. ఇంగ్లీషులోనే అమెరికా, బ్రిటన్ అమరికలకు మరో తేడా ఉంది: ఈమెయిల్ చిరునామాలో వాడే ఎట్ గుర్తు అమెరికా అమరికలో షిఫ్ట్‌తో 2 నొక్కితే వస్తుంది, బ్రిటన్ అమరికలో అదే చోట కొటేషన్ గుర్తు పడుతుంది. పాస్‌వర్డులో ఎట్ గుర్తు పెట్టుకోవడం మనవాళ్లలో బాగా అలవాటు కనుక ఈ ఒక్క తేడా గంటలు తినేస్తుంది. క్యాప్స్ లాక్, నమ్ లాక్ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో కిటికీ గ్రిల్లులకే పదే పదే పెయింటు వేయవలసి వస్తుంది. ఆ ఉప్పుగాలి కీబోర్డును మాత్రం ఎందుకు వదులుతుంది? నోట్‌ప్యాడ్ తెరిచి అక్షరాలు, అంకెలు వరసగా ఒక్కొక్కటే నొక్కి చూడండి. మామయ్య కీబోర్డులో ఏడు నొక్కితే ఒక్కోసారి రెండు ఏడులు పడేవి. సైన్-ఇన్ తెర దగ్గరే ఇలా అనిపిస్తే, అక్కడి యాక్సెసిబిలిటీ గుర్తు నొక్కి తెర మీది కీబోర్డు తెచ్చుకుని మౌసుతో కొట్టి చూడవచ్చు. అలా కొడితే ఒప్పుకుంటే తప్పు కీబోర్డుదే.

అయిదు నిమిషాలు టీ తాగి వచ్చేసరికి మళ్లీ అడగడం వేరే రకం. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో సైన్-ఇన్ ఆప్షన్స్ తెరిస్తే, కాసేపు దూరంగా ఉంటే మళ్లీ ఎప్పుడు సైన్-ఇన్ అడగాలి అన్న ప్రశ్న, దాని ఎదుట ఎంచుకునే గడి ఉంటాయి. చాలామంది అక్కడ నెవర్ పెట్టి, అయినా అడుగుతోందని విస్తుపోతారు. దానికి కారణం స్క్రీన్ సేవర్: దాని అమరికలో, తిరిగి వచ్చినప్పుడు లాగాన్ తెర చూపించమనే చిన్న టిక్ విడిగా ఉంటుంది, దాన్నీ తీసేయాలి. అదే పేజీలో డైనమిక్ లాక్ అనేది కూడా ఉంది; బ్లూటూత్‌తో కలిపిన ఫోను దూరమైతే కంప్యూటర్ తనంతట తాను తాళం వేసుకుంటుంది, అంటే ఫోను పట్టుకుని డాబా మీదికి వెళ్లి రావడమే చాలు. పనిమనుషులు, ట్యూషన్ పిల్లలు, అద్దెకున్నవారు వచ్చిపోయే ఇంట్లో నెవర్ పెట్టమని మాత్రం నేను చెప్పను. పొడవాటి పాస్‌వర్డ్ బదులు పిన్ పెట్టుకుంటే విసుగూ తగ్గుతుంది, తాళమూ ఉంటుంది. ఆ పిన్ ఆ ఒక్క కంప్యూటరుకే పనిచేస్తుంది. కొన్నిసార్లు వరసగా తప్పు పిన్ కొడితే, ఏ1బీ2సీ3 అని టైపు చేయమని విండోస్ అడుగుతుంది. వైరస్ పట్టిందని భయపడనవసరం లేదు, కొడుతున్నది మనిషేనా లేక కీ ఏదైనా ఇరుక్కుపోయిందా అని అది చేసే పరీక్ష మాత్రమే.

అన్నిటికంటే మొండిది మెయిల్ ప్రోగ్రామ్ అడిగేది. బ్రౌజర్లో అదే పాస్‌వర్డుతో మెయిల్ చక్కగా తెరుచుకుంటుంది, ప్రోగ్రామ్‌లో మాత్రం ఒప్పుకోదు. ఉత్త పాస్‌వర్డ్ మాత్రమే పంపే పాత పద్ధతిని పెద్ద మెయిల్ సంస్థలు ఆపేయడమే ఇందుకు ముఖ్య కారణం. గూగుల్ వ్యక్తిగత ఖాతాలకు 2022 మే 30 నుంచి, మైక్రోసాఫ్ట్ ఔట్‌లుక్ డాట్ కామ్ ఖాతాలకు 2024 సెప్టెంబరు 16 నుంచి ఈ మార్పు వచ్చింది. పాత ప్రోగ్రామ్ ఆ సంగతి తెలియక అదే పెట్టెను మళ్లీ మళ్లీ చూపిస్తుంది. ప్రోగ్రామ్ కొత్తదైతే ఖాతాను తీసివేసి తిరిగి చేర్చడం మంచిది. అప్పుడు ఆ సంస్థ సొంత పేజీ తెరుచుకుని, అక్కడ సైన్-ఇన్ అయితే పని పూర్తవుతుంది. ఖాతాను తీసే ముందు, కంప్యూటర్లో మాత్రమే ఉన్న పాత మెయిళ్లు ఏవైనా ఉంటే వాటిని వేరే చోట భద్రపరచుకోవాలి. పాత ప్రోగ్రామే కావాలనుకుంటే, జీమెయిల్‌కు టూ-స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డుతో పాటు రెండో నిర్ధారణ కూడా అడిగే పద్ధతి) పెట్టుకుని, ఆ ప్రోగ్రామ్ కోసమే గూగుల్ విడిగా ఇచ్చే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకుని ఆ పెట్టెలో దాన్నే ఇవ్వాలి. గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ మార్చిన క్షణంలో ఆ యాప్ పాస్‌వర్డులు రద్దవుతాయి కాబట్టి, విసుగొచ్చి మార్చినకొద్దీ మెయిల్ ప్రోగ్రామ్ మళ్లీ మొదటికి వస్తుంది.

విండోస్ దాచుకున్న పాత పాస్‌వర్డులను తీసివేయడం కూడా ఇక్కడే జరగాలి. స్టార్ట్ మెనూలో క్రెడెన్షియల్ మేనేజర్ అని వెతికి తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్ విభాగంలో ఆ మెయిల్ పేరుతోనో, ఆ ఫోల్డర్ ఉన్న కంప్యూటర్ పేరుతోనో ఉన్న వరుసను విప్పి, రిమూవ్ నొక్కండి. అన్నీ కలిపి ఊడ్చేయకండి. సంబంధం ఉన్నదాన్ని మాత్రమే, అదీ ప్రస్తుత పాస్‌వర్డ్ మీకు తెలుసని రూఢి చేసుకున్నాకే తీయండి.

ఒక్క వెబ్‌సైటే ప్రతిసారీ అడుగుతుంటే, బ్రౌజర్ మూసినప్పుడు కుకీలు (మీరు లాగిన్ అయ్యారని సైటు గుర్తుపెట్టుకోవడానికి బ్రౌజర్లో దాచే చిన్న సమాచారం) చెరిగిపోయే అమరిక ఉందేమో, కంప్యూటరును శుభ్రం చేస్తానంటూ ఎవరో వేసి వెళ్లిన క్లీనర్ ప్రోగ్రామ్ ఆ పని చేస్తోందేమో చూడండి. బ్యాంకు సైట్లు కాసేపు కదలకపోతే కావాలనే బయటికి పంపేస్తాయి, వాటిని మార్చలేము.

అన్ని సైట్లూ ఒకేసారి మొండికేస్తే గడియారం చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని తాకిన తరువాత మా ఇంట్లో రోజుల తరబడి కరెంటు లేదు. వచ్చాక డెస్క్‌టాప్ ఆన్ చేస్తే తేదీ కొన్నేళ్లు వెనక్కి పోయి ఉంది, సురక్షితమైన సైటు ఒక్కటీ తెరుచుకోలేదు. మదర్‌బోర్డు మీద ఉండే రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ నీరసించి, కరెంటు లేని రోజుల్లో సమయాన్ని నిలుపుకోలేకపోయింది. తేదీ వెనక్కి పోతే, వెబ్‌సైటు అసలైనదేనని చెప్పే సర్టిఫికెట్ల గడువు ఇంకా మొదలుకానట్టు కనిపిస్తుంది. ముందుకు పోతే కుకీలు గడువు తీరినట్టయి ప్రతిచోటా లాగిన్ అడుగుతుంది. వైరు పీకి, మూత విప్పి, 3 వోల్టుల బ్యాటరీ మార్చి, సెట్టింగ్స్‌లో సమయం ఆటోమేటిక్‌గా తీసుకునేలా పెట్టి, టైమ్ జోన్ భారతదేశానిదే ఉందో లేదో చూస్తే సరిపోతుంది. పాస్‌వర్డుతో పాటు కొన్ని సైట్లు అడిగే, ఫోను యాప్‌లో 30 సెకన్లకోసారి మారే కోడ్ ఒప్పుకోకపోతే ఆ కోడ్ తయారయ్యే ఫోను గడియారాన్ని కూడా చూడాలి.

ఉబుంటు వంటి లినక్స్‌లో ఆటోమేటిక్ లాగిన్ పెట్టుకుంటే కీరింగ్ (పాస్‌వర్డులను దాచి ఉంచే పెట్టె లాంటిది) తెరవడానికి పాస్‌వర్డ్ విడిగా అడుగుతుంది. ఆటోమేటిక్ లాగిన్ తీసేస్తే ఆ గొడవ పోతుంది.

ఇవేవీ కాక, బ్రౌజర్ తెర నిండా పరుచుకుని, మీ కంప్యూటర్ లాక్ అయింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి అంటూ పాస్‌వర్డ్ అడిగేది మోసం. ఏమీ టైపు చేయకుండా టాస్క్ మేనేజర్ నుంచి బ్రౌజరును మూసేయండి. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

పాస్‌వర్డ్ మార్చక తప్పదని తేలితే, ఆ ఖాతా వాడే పరికరాలన్నింటి పేర్లూ ముందే కాగితం మీద రాసుకుని, మార్చిన గంటలోపే అన్నింటిలోనూ కొత్తది ఇవ్వండి. మామయ్య దగ్గర ఆ పని కూర్చుని చేశాం. కంప్యూటరులో ఇచ్చాం, ఫోనులో ఇచ్చాం, అయినా పెట్టె మళ్లీ వచ్చింది. ఇంకెక్కడ వాడుతున్నారని నాలుగోసారి అడిగితే అత్తయ్య వంటింట్లోంచి, "మనవడు బొమ్మలు చూసుకునే పాత టాబ్లెట్ ఉంది కదా" అన్నారు. అలమారలో ఛార్జింగుకు పెట్టి ఉన్న ఆ టాబ్లెట్ నిమిష నిమిషానికీ పాత పాస్‌వర్డుతో మెయిల్ కోసం ప్రయత్నిస్తోంది. అన్నిసార్లు తప్పు పడేసరికి మెయిల్ సర్వీసు ఖాతానే కాసేపు ఆపేస్తోంది. ఆ టాబ్లెట్ లోంచి మెయిల్ ఖాతా తీసేసి, అరగంట ఆగి, క్యాలెండరు మీద గీత పడని మూడో పాస్‌వర్డే కంప్యూటరులో మళ్లీ ఇస్తే ఒప్పుకుంది.