కాళ్లు ముడేయాలా, విప్పాలా? జియు జిట్సులో గార్డ్ ఎంచుకోవడం ఎలా

మ్యాట్ మీద వెల్లకిలా పడగానే కొత్తవాళ్లు చాలామంది ఎదుటి మనిషి నడుం చుట్టూ కాళ్లు వేసి, మడమలు ముడేసి, ఉడుంపట్టు పడతారు. ఒంగోలులో మేం కొంతమందిమి కలిసి బ్రెజిలియన్ జియు జిట్సు (ఎక్కువగా నేల మీద పట్లతో సాగే కుస్తీలాంటి ఆట) మొదలుపెట్టినప్పుడు నేనూ అంతే. ఒకరోజు కబడ్డీ ఆడే కుర్రాడితో జత పడింది. నాకంటే బాగా బరువు. నేను ముడి వదల్లేదు, అతను నన్ను అలాగే మోసుకుంటూ లేచి నిలబడ్డాడు. వీపు మ్యాట్‌ను వదిలేసింది, తల కిందికి వేలాడుతోంది. భయంతో ఇంకా గట్టిగా బిగించాను. మంచివాడు కాబట్టి మెల్లగా దించాడు. ముడి ఎప్పుడు వేయాలో, ఎప్పుడు విప్పాలో నేర్చుకోవాల్సిందేనని ఆ రోజు అర్థమైంది.

కింద ఉన్నవాళ్లు పైవాళ్లను కాళ్లతో అదుపులో పెట్టడమే గార్డ్. నడుం వెనక మడమలు ముడేస్తే క్లోజ్డ్ గార్డ్. ముడి లేకుండా పాదాలు, మోకాళ్లు, చేతిపట్లతో దూరం కాపాడుకుంటే ఓపెన్ గార్డ్.

1. ముందు పైనున్న మనిషి మోకాళ్లు చూడండి

మీకు ఏది ఇష్టమన్నది తర్వాతి మాట. అతని మోకాళ్లు రెండూ మ్యాట్ మీద ఉన్నాయా? తల మీ ఛాతీకి దగ్గరగా ఉందా? అయితే ముడేయండి. ఒక మోకాలు లేచినా, నడుం నిటారుగా అయినా, రెండు చేతులతో మీ తుంటిని కిందికి అదుముతున్నా లేవబోతున్నాడని అర్థం. ఓపెన్‌కి సిద్ధపడండి.

చూడటం కంటే తెలుసుకోవడం తొడలతోనే తేలిక. అతను లేచే ముందు బరువు ఒక పక్కకు ఒరుగుతుంది, మీ ఒక తొడ మీద ఒత్తిడి తగ్గుతుంది. పది పదిహేను రౌండ్లు దీని మీదే మనసు పెట్టి ఆడితే కళ్లు మూసుకున్నా తెలిసిపోతుంది.

2. ముడేస్తే ఊరికే పడుకోకండి

ముడి వేశాక మొదటి పని అతని నడుం వంచడం. ఒక చేత్తో కాలర్, ఇంకో చేత్తో అతని చొక్కా చేయి పట్టుకుని, మోకాళ్లను మీ ఛాతీ వైపు లాగండి. చేతులతో మాత్రమే లాగితే రెండు నిమిషాల్లో అలిసిపోతారు. లాగాల్సింది కాళ్లే. తర్వాత తుంటిని కాస్త పక్కకు జరపండి, నేరుగా అతని కింద ఉండకూడదు.

అక్కడి నుంచి అతను చేసే పనే మీకు దారి చూపిస్తుంది. చేయి మ్యాట్ మీద ఆనిస్తే, ఆ చేతిని వెనక్కి మెలిపెట్టే కిమురా. ఒక చేయి మీ కాళ్ల లోపల, ఇంకోటి బయట ఉంటే, అతని మెడనూ ఒక చేతినీ కాళ్లతో కలిపి బిగించే ట్రయాంగిల్. వెనక్కి నిటారుగా కూర్చుంటే మీరూ లేచి తుంటితో గుద్ది పడేసే హిప్ బంప్. 1994లో యూఎఫ్‌సీ 4 (రకరకాల యుద్ధకళల వాళ్లు తలపడే పోటీ) ఫైనల్‌లో జియు జిట్సు ఆటగాడు రాయిస్ గ్రేసీ తనకంటే ఎంతో బరువైన డాన్ సెవర్న్ కింద పావుగంటకు పైగా ఓపిక పట్టి, ట్రయాంగిల్‌తోనే ట్యాప్ చేయించాడు, అంటే ఓటమి ఒప్పుకుంటూ చేత్తో తట్టించాడు.

3. అతను విప్పేలోపు మీరే విప్పండి

అసలు కిటుకు ఇదే. అతను బలవంతంగా విప్పితే మీ కాళ్లు రెండూ గాలిలో ఉంటాయి, పట్టు అతని చేతిలో ఉంటుంది. మీరే విప్పితే పాదం ఎక్కడ పెట్టాలో మీ ఇష్టం.

చొక్కా చేయి పట్టు వదలకుండా ఒక పాదం అతని తుంటి మీద ఆనించండి. రెండో చేత్తో అతని మడమ పట్టుకోండి. రెండో పాదం ఇంకో తుంటి మీదకో, మోచేతి మడత దగ్గర కండ మీదకో తీసుకెళ్లండి. రెండు చేతులు, రెండు పాదాలు, ఈ నాలుగింటిలో ఎప్పుడూ మూడైనా అతన్ని తాకుతూ ఉండాలి. రెండే మిగిలితే మీ కాళ్లను దాటి పక్కకు వచ్చేస్తాడు. ఐబీజేజేఎఫ్ (అంతర్జాతీయ జియు జిట్సు సమాఖ్య) పోటీల్లో గార్డ్ దాటినవాళ్లకు 3 పాయింట్లు, కింది నుంచి తిరగేసినవాళ్లకు 2.

మిమ్మల్ని ఎత్తేస్తే మాత్రం ఆలోచించొద్దు, వెంటనే ముడి విప్పండి. ఆ పోటీల్లో ఎత్తి కుదేయడం నిషేధమే. కానీ కింద గచ్చు, పైన పలచటి మ్యాట్ ఉన్న హాల్లో మెడను నిబంధనలకు వదిలేయలేం.

4. ఒంటినీ, ఎండనూ లెక్కలో వేసుకోండి

పొట్టి కాళ్లవాళ్లకు వెడల్పాటి మనిషి నడుం చుట్టూ ముడి అందదు. అందినా వేళ్ల చివర్లతో వేలాడుతుంటుంది. అలాంటివాళ్లు బటర్‌ఫ్లై గార్డ్ మీద మనసు పెట్టడం మేలు: కూర్చుని, రెండు పాదాలు అతని తొడల లోపలికి కొక్కేల్లా పెట్టి ఎత్తడం. బ్రెజిల్ ఆటగాడు మార్సెలో గార్సియా దీంతోనే తనకంటే పెద్దవాళ్లను తిప్పి పడేసేవాడు.

రోహిణి కార్తెలో, గీ (ఈ ఆటకు వేసుకునే మందపాటి దుస్తులు) లేకుండా టీషర్ట్‌తో ఆడితే చెమటకు ఏ చేతిపట్టూ నిలవదు. అప్పుడు ముడేసిన కాళ్లే నమ్మకం. ఓపెన్‌కి వెళ్లాల్సి వస్తే మణికట్టు కోసం వెంటపడకుండా చంకల కింద చేతులు దూర్చండి.

5. రొయ్యలా జరగడం నేర్చుకోండి

పాదాలు జారి అతను పక్కకు వచ్చేస్తుంటే, ఒంటిని మడిచి తుంటిని వెనక్కి విసిరి దూరం చేసుకోవాలి. ఈ కదలికను ఇంగ్లిష్‌లో ష్రింప్, అంటే రొయ్య అనే పిలుస్తారు. వల ఎత్తినప్పుడు రొయ్య ఒళ్లు ముడుచుకుని వెనక్కి చివుక్కున ఎగరడం నెల్లూరు, ప్రకాశం చెరువుల గట్ల మీద చూసినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. ఇది రాకుండా ఓపెన్ గార్డ్ జోలికి వెళ్లొద్దని నా గట్టి అభిప్రాయం.

సాధనకు ఒక ఆట చెబుతాను. మీరు కింద ముడేసి మొదలుపెట్టండి. పైవాళ్ల పని లేచి నిలబడటం ఒక్కటే. వాళ్ల రెండో మోకాలు నేలను వదిలేలోపు మీ రెండు పాదాలు వాళ్ల తుంటి మీదకు చేరాలి. చేరితే మీకు ఒకటి, ముడితోనే లేచిపోతే వాళ్లకు ఒకటి. మూడు నిమిషాలయ్యాక మారండి.