మంద కాపలా కుక్క – మూడో పాఠం: చెవి కొరికిన పిల్ల

రెండో పాఠంలో నేనొక వాక్యం రాశాను: "ఎనిమిది వారాల కుక్కపిల్లను తెచ్చిన రోజే గొర్రెల మధ్య ఉంచండి." ఆ వాక్యం చేసిన నష్టం ఎంతో ఈ నెలలో వచ్చిన ఫోన్ల వల్ల తెలిసింది. ఒకాయన కుక్కపిల్లను తీసుకెళ్ళి నేరుగా ఈనిన గొర్రెలున్న దొడ్డిలో దించారు. పక్కన పసిపిల్ల ఉన్న తల్లి గొర్రె ఊరుకుంటుందా? రెండు కుమ్ములు కుమ్మింది. తుంటి వాపు వారంలో తగ్గింది కానీ, ఇప్పుడు గొర్రె దగ్గితే చాలు, ఆ పిల్ల తోక కాళ్ళ మధ్య ముడుచుకుని మూలకు పోతోందట. "మధ్య" అంటే తడిక అవతల అని నా మనసులో ఉంది, కాగితం మీద లేదు. తప్పు నాది. కాబట్టి కొత్త పాఠానికి ముందు పాత పాఠంలో సగం మళ్ళీ చెప్పాలి.

దొడ్డిలో ఒక మూల ఆరడుగుల చదరం తడికతో వేరు చేయండి. సందుల్లోంచి మూతులు కలవాలి, తలలు దూరకూడదు. కుక్కపిల్ల పడుకోవడానికి నేను పాత సిమెంటు తూము ముక్క వేస్తాను. పిల్ల దూరగలదు, గొర్రె దూరలేదు, వానకు తడవదు, ఖర్చు లేదు. చెక్క గూడు కొనమని చెప్పేవాళ్ళు చెప్పనీండి. ఆ మూలలోకి పాలు మరిచిన, నెమ్మదైన గొర్రెపిల్లలను రెండింటిని వదలండి. పోట్లాడే పొట్టేలును, చూడి గొర్రెను, ఈనినదాన్ని వదలకండి. పది పదిహేను రోజులకు మూడూ ఒకదానికొకటి ఆనుకుని పడుకుంటాయి. అలా పడుకున్నాక తడిక ఒక పూట తీసి చూడండి. భయపడిన పిల్లకు కూడా ఇదే మందు, కాకపోతే ఇంకో రెండు వారాలు ఎక్కువ.

తిండి మాత్రం తడిక లోపల, గొర్రెల నోటికి అందని చోట పెట్టాలి. సంగటి వాసన తగిలితే గొర్రె తోసుకుని వస్తుంది, పిల్ల గుర్రుమంటుంది, రెండు రోజుల్లో అది అలవాటవుతుంది.

ఇక రాత్రి ఏడుపు. ముగ్గురు నలుగురు అదే అడిగారు. మొదటి మూడు రాత్రులు ఏడుస్తుంది. నా మొదటి కుక్కపిల్ల కోసం రెండో రాత్రి నేనే టార్చిలైటు పట్టుకుని వెళ్ళాను. ఏడిస్తే వెలుగు వస్తుందని అది ఒక్క రాత్రిలో నేర్చుకుంది, మరిపించడానికి నాకు నెల పట్టింది. వసారాలోకి తెచ్చుకున్నవాళ్ళకు ఒకటే మాట. పిల్లకు పదహారు వారాలు దాటకపోతే ఈరోజే దొడ్డికి పంపండి. దాటితే అది మీ ఇంటి కుక్క. ఇంటికి మంచి కాపలా కాస్తుంది, ఈ పాఠాలకు ఇంకో పిల్లను చూసుకోండి. కటువుగా ఉందని తెలుసు. మూడో వారం నుంచి పదహారో వారం దాకా కుక్కపిల్ల ఎవరి మధ్య పెరుగుతుందో వాళ్ళనే తనవాళ్ళు అనుకుంటుంది. అమెరికాలో రేమండ్, లోర్నా కాపింజర్ దంపతులు 1970ల చివర నుంచి ఏళ్ళ తరబడి కాపలా కుక్కలను రైతులకు ఇచ్చి, పరిశీలించి, నొక్కి చెప్పింది ఇదే. ఆస్ట్రేలియాలో వార్నంబూల్ ఊరి దగ్గరి మిడిల్ ఐలండ్‌లో 2006 నుంచి మరెమ్మా అనే ఇటలీ మంద కాపలా జాతి కుక్కలు నక్కల బారి నుంచి చిన్న పెంగ్విన్లను కాపాడాయి. కుక్క చేత కాపలా కాయించడానికి ఎదుట గొర్రే ఉండాలని లేదు, అది అలవాటు పడిన ప్రాణి ఉంటే చాలు.

జాతి గురించి అడుగుతున్నవారికి: బొచ్చు దట్టంగా ఉన్న విదేశీ జాతిని మన ఎండల్లోకి తేవడం నాకు నచ్చదు. మందతో తిరిగే తల్లి కుక్క కన్న నాటు పిల్ల దొరికితే దాన్నే తెస్తాను. అమెరికా నైరుతిలో నవాహో తెగ కాపరులు కూడా ఏ జాతి అని చెప్పలేని కుక్కలనే మందలో పెంచి కాపలాకు వాడుకుంటారు.

ఇంకొక గొడవ కూడా నా రాతతోనే వచ్చింది. "ముద్దు చేయకండి" అన్నాను. ఒకరు దాన్ని "ముట్టుకోకండి" అని చదువుకున్నారు. వాళ్ళ కుక్కపిల్లకు ఇప్పుడు నాలుగు నెలలు. రేబిస్ టీకా వేయించాలంటే నలుగురు మనుషులు, ఒక దుప్పటి, అరగంట పరుగు. రోజూ రెండు నిమిషాలు ముట్టుకోవాలి. నోరు తెరిచి చూడాలి, చెవులు మడిచి చూడాలి, వేళ్ళ సందుల్లో పిడుదులు వెతకాలి, మెడపట్టీకి తాడు వేసి పది అడుగులు నడిపించాలి. ఇదంతా దొడ్డి లోపలే జరగాలి. మీరు దాని దగ్గరికి వెళ్ళవచ్చు, మీ వెంట అది గడప దాకా రాకూడదు.

పాత బాకీ తీరింది. ఇక ఈనాటి పాఠం.

ఐదో నెల వచ్చేసరికి, ఇంతకాలం దేవుడిలా పడుకున్న పిల్ల ఒక సాయంత్రం గొర్రెపిల్ల వెంట పడుతుంది. గొర్రెపిల్ల పరుగెత్తుతుంది, ఇదీ పరుగెత్తుతుంది. అరుగు మీద కూర్చున్న మీరు నవ్వుతారు. "చూడు, ఎంత బాగా ఆడుకుంటున్నాయో" అని ఫోనులో వీడియో తీసి నాకు పంపుతారు. ఈ నెలలో నాకు అలాంటివి పదకొండు వచ్చాయి. పదకొండింటిలోనూ ఆడుతున్నది ఒకటే. రెండోది ప్రాణభయంతో పారిపోతోంది.

ఇది నాకు చాలా చిరాకు తెప్పించే విషయం కనుక కాస్త పొడుగ్గానే చెబుతాను. వేట అనేది ఒక గొలుసు. చూపు నిలపడం, తల దించి పొంచడం, వెంట పడటం, పట్టడం, కొరకడం, చీల్చడం. మందను తోలే కుక్కల్లో మొదటి రెండు మూడు కొక్కేలు గట్టిగా ఉంటాయి, అందుకే అవి గొర్రెలను కళ్ళతోనే కదిలిస్తాయి. కాపలా కుక్కల్లో ఈ గొలుసు బలహీనంగా ఉంటుంది, విడివిడి ముక్కలుగా ఉంటుంది. ఐదో నెల నుంచి ఏడాది దాటేదాకా ఆటలో ఆ ముక్కలు ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. అప్పుడు ఎదుటి ప్రాణి పరుగెత్తిందా, ముక్కకు ముక్క తగులుకుంటుంది. దానికి మీరు బిస్కెట్టు పెట్టనక్కరలేదు, పరుగే బిస్కెట్టు.

ఏమేం చూడాలి? నెల్లూరు గొర్రెలకు ఒంటి మీద ఉన్ని లేదు, చెవులు పొడుగ్గా వేలాడుతాయి, కనుక మొదట చెవే బలి. కొస చీలి, ఎండిన రక్తం కనిపిస్తే తప్పు ముళ్ళకంప మీదికి నెట్టకండి. దక్కనీ గొర్రెలైతే కుక్కపిల్ల నోట్లో నల్ల ఉన్ని దారాలు చిక్కుకుని ఉంటాయి, గొర్రె పిరుదుల దగ్గర ఉన్ని మందం తగ్గుతుంది. మేకపిల్లలు ఇంకా ప్రమాదం, అవి ఊరికే ఎగురుతాయి, ఎగిరేది ఏదైనా కుక్కపిల్లకు పిలుపే. కొన్ని కుక్కపిల్లలు కొరకవు, గొర్రెపిల్ల మెడ మీద ముందు కాలు వేసి నొక్కి పట్టుకుంటాయి. మంద మేత నుంచి వచ్చి దొడ్డి గుమ్మంలో తోసుకునే ఆ రెండు నిమిషాలు అన్నిటికన్నా చెడ్డవి. నా రెండో కుక్క పగలంతా ఋషిలా ఉండి ఆ గుమ్మం దగ్గరే వెనకబడిన గొర్రె పిక్క పట్టేది.

ఇవేవీ దాని దుర్మార్గం కాదు. అలాగని వయసు వస్తే పోతాయని వదిలేసేవీ కావు. వదిలేసినవాళ్ళలో ఒకరికి ఒకరోజు తెల్లవారేసరికి గొర్రెపిల్ల చచ్చి కనిపించింది. ఆయన కుక్కను శవం దగ్గరికి ఈడ్చుకెళ్ళి కొట్టారు. పైగా చచ్చిన పిల్లను దాని మెడకు కట్టమని ఎవరో సలహా ఇచ్చారట. రాత్రి జరిగినదానికి పొద్దున దెబ్బ పడితే కుక్కకు అర్థమయ్యేది ఒక్కటే: పొద్దున యజమాని వస్తే పారిపోవాలి. మందలింపు తప్పు జరుగుతున్న క్షణంలో పడాలి. రెండు క్షణాలు దాటితే నోరు మూసుకోవడం మేలు. ఒకే మాట, గట్టిగా, లోగొంతుతో "వద్దు" అనండి. పేరు పెట్టి తిట్టకండి, పేరు పిలుపుకే ఉంచండి.

మందలింపుకన్నా నేను ఎక్కువ నమ్మేది గుదికర్రను. కంచెలు దూకే పశువు మెడకు మన పెద్దవాళ్ళు కట్టింది అదే. కుక్కకైతే బొటనవేలు లావు, అడుగున్నర పొడవు కర్ర, చెక్కు తీసి నునుపు చేసినది, మెడపట్టీ నుంచి జానెడు తాడుతో అడ్డంగా, ముందు మోకాళ్ళకు కాస్త పైన వేలాడాలి. నడిస్తే ఏమీ కాదు, పరుగెత్తితే మోకాళ్ళకు టకటకమని తగులుతుంది. రాత్రి తప్పక తీసేయాలి, కంచెలో చిక్కుకుంటే ఉరి. రెండు మూడు వారాల్లో పని జరగకపోతే కర్ర లావు పెంచకండి, మీ పద్ధతి ఎక్కడో తప్పింది.

ఈ కాలమంతా మీరు లేనప్పుడు గొర్రెపిల్లలు, మేకపిల్లలు తడిక అవతల, కుక్కపిల్ల పెద్ద గొర్రెలతో ఉండాలి. మందలో కుమ్ములమారి ముసలి గొర్రె ఒకటి ఉంటుంది చూశారా, సంతకు తోలుదామని ఏటా అనుకునేది, దాన్ని అమ్మకండి. ఆరు నెలల కుక్కపిల్లకు దానికి మించిన పంతులు లేదు. మొదట ఎనిమిది వారాల పిల్లను కుమ్మితే భయం పుడుతుందన్నాను, ఇప్పుడు కుమ్మించమంటున్నాను. అవును. వయసు వేరు, పాఠం వేరు.

చచ్చిన గొర్రెపిల్ల మాట వచ్చింది కనుక ఇంకొక సంగతి. దాన్ని కుక్కకు వేయకండి. కోసిన గొర్రె తల, కాలేయం, ఊపిరితిత్తులు కూడా పచ్చివి వేయకండి. గొర్రె మెదడులోని నీటితిత్తిని కుక్క తింటే దాని పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది, ఆ గుడ్లు మేతలో పడి మళ్ళీ గొర్రెకు చేరతాయి. ఒకే వైపు గుండ్రంగా తిరిగి తిరిగి పడిపోయే గొర్రెను చూసే ఉంటారు, ఆ జబ్బు ఈ దారినే వస్తుంది. ఇలాంటిదే ఇంకో బద్దెపురుగు మనుషుల కాలేయంలో తిత్తులు కట్టిస్తుంది. శవాన్ని లోతుగా పూడ్చండి, కుక్కకు ప్రాజిక్వాంటెల్ ఉన్న నట్టల మందు మూడు నెలలకోసారి పశువైద్యుడు చెప్పిన మోతాదులో వేయండి.

అభ్యాసం. ఇది తేలిక కాదు, ముందే చెబుతున్నాను. పద్నాలుగు రోజులు, మంద ఇంటికి చేరిన దగ్గర నుంచి గంటసేపు, దొడ్డిలో గంప బోర్లించి కూర్చోండి. ఫోను ఇంట్లో వదిలి, నోటుపుస్తకం, పెన్సిలు తీసుకెళ్ళండి. కుక్కపిల్ల వల్ల ఒక గొర్రెగానీ గొర్రెపిల్లగానీ పడుకున్న చోటు నుంచి లేచిన ప్రతిసారీ ఒక గీత గీయండి. కరిచిందా లేదా అన్నది కాదు, లేచిందా లేదా అన్నదే లెక్క. గీత పక్కన అంతకు ముందు కుక్క తల ఎక్కడుందో ఒక్క మాటలో రాయండి: పైకి, సమంగా, కిందికి. నాలుగైదు రోజులకు మీకే తెలుస్తుంది, తల భుజాల కిందికి దిగిన తర్వాతే గీతలు పడుతున్నాయని. "వద్దు" అనవలసింది తల దిగినప్పుడు, పరుగు మొదలయ్యాక కాదు.

వరుసగా పద్నాలుగు రోజులు ఒక్క గీతా పడకపోతే పదిహేనో రోజు గుదికర్ర తీసి ఒక గంట మీరు కనబడకుండా ఉండండి. పదమూడో రోజు గీత పడితే మళ్ళీ ఒకటో రోజే. నా రెండో కుక్కకు నలభై ఒక్క రోజులు పట్టింది, ఆ పుస్తకం ఇంకా దాచి ఉంచాను. మీ పుస్తకం నిండాక నాలుగో పాఠం చదవండి, అందులో ఊరకుక్కల గుంపు మొదటిసారి మంద మీదికి వచ్చిన రాత్రి గురించి చెబుతాను.