వెబ్ పత్రికకు లోగో: 16 పిక్సెళ్ల దగ్గర మొదలుపెట్టండి

కొత్తగా వెబ్ పత్రిక పెట్టేవారు లోగో కోసం నా దగ్గరికి వచ్చేసరికే ఒక బొమ్మను మనసులో ఖాయం చేసుకుని ఉంటారు. కలం, దీపం, తెరిచిన పుస్తకం, ఉదయించే సూర్యుడు. వీటిలో ఏదో ఒకటి. మరీ ఉత్సాహవంతులైతే నాలుగూ. వాటిని పక్కన పెట్టించడమే నా మొదటి పని. ఆ బొమ్మలు ఏ పత్రికకైనా సరిపోతాయి, కాబట్టి మీ పత్రికను గుర్తుచేయవు. పేరునే ఎవరూ రాయని తీరులో రాయగలిగితే బొమ్మ అవసరమే రాదు.

గీత గీసేముందు ఒక చిన్న పని. ట్రేడ్‌మార్కుల జాబితాలో 41వ తరగతిలో ఆ పేరు ఇప్పటికే ఉందేమో వెతకండి. ప్రచురణ సేవలు ఆ తరగతి కిందికే వస్తాయి. అచ్చు పత్రికలు 16లో ఉంటాయి, అదీ చూడండి. అక్షరాల మీద మమకారం పెరిగాక పేరు వదులుకోవడం కష్టం.

ఇప్పుడు ఆ పేరు ఎక్కడెక్కడ కనబడుతుందో రాసుకోండి. బ్రౌజర్ ట్యాబ్‌లో 16 పిక్సెళ్ల చదరం, ఐఫోన్ తెర మీద 180 పిక్సెళ్ల చిహ్నం, సామాజిక మాధ్యమాల్లో గుండ్రంగా కత్తిరించే ప్రొఫైల్ బొమ్మ, లింకు పంచుకున్నప్పుడు వచ్చే 1200×630 చిత్రం, చివరగా సైటు పైభాగంలో పూర్తి పేరు. తెర నిండా ముచ్చటగా కనబడుతుంది కనుక అందరూ ఆ చివరిదానితోనే మొదలుపెడతారు. నేను 16 పిక్సెళ్లతో మొదలుపెడతాను. అక్కడ నిలబడని అక్షరం పెద్ద సైజులో ఎంత అందంగా ఉన్నా నాకు నమ్మకం కుదరదు.

పత్రిక పేరు ‘చెమ్మచెక్క’ అనుకుందాం. గళ్ల కాగితం మీద 16 గడుల చదరం గీసి అందులో ‘మ్మ’ రాసి చూడండి. అంచులకు ఒక్కో గడి వదిలితే మిగిలేవి 14 వరసలు. పైన తలకట్టుకు మూడు, కింద వత్తుకు ఐదు పోతే అసలు ‘మ’కు దక్కేవి ఆరు. గీతకు కనీసం ఒక గడి, గీతకూ గీతకూ మధ్య ఖాళీకి ఇంకో గడి కావాలి. ఆ ఇరుకులో ‘మ’ లోపలి ఖాళీలు పూడిపోయి నల్లటి మరక మిగులుతుంది. ‘చె’కు ఆ బాధ లేదు. కింద వత్తు లేదు, 14 వరసలూ తనవే. గుండ్రటి ఒడలు, పైన ఎత్వం వంపు స్పష్టంగా నిలుస్తాయి. ట్యాబ్ చిహ్నం దొరికినట్టే. మీ పేరు ‘స్త్రీ’ వంటి అక్షరంతో మొదలైతే రెండోదో మూడోదో తీసుకోండి. మొదటి అక్షరమే వాడాలన్న శాసనమేమీ లేదు. ప్రొఫైల్ బొమ్మలో చదరం మూలలు నాలుగూ పోతాయి కనుక, అక్షరాన్ని మధ్యలో మూడింట రెండు వంతుల మేరకే ఉంచండి.

పూర్తి పేరు దగ్గరకు వద్దాం. దాన్ని ముందు నాలుగైదు ఫాంట్లలో టైపు చేసి పక్కపక్కన పెట్టండి. రామభద్ర బరువుగా, గట్టిగా ఉంటుంది. మండలి సాదా, నెమ్మది. నోటో సెరిఫ్ తెలుగులో గీత సన్నబడుతూ లావవుతూ సాగుతుంది. అనేక్ తెలుగులో బరువుతో (అంటే గీత లావుతో) పాటు వెడల్పునూ 75 నుంచి 125 శాతం దాకా జరుపుకోవచ్చు. ఇవన్నీ ఉచిత లైసెన్సువి, లోగోకు వాడుకోవచ్చు. అయితే ఉన్నదున్నట్టు దించకండి. అదే ఫాంటుతో రేపు ఇంకొకరూ అదే పని చేస్తారు.

ఇక్కడ పేరును తేరిపార చూడాలి. ‘చెమ్మచెక్క’లో పైన ఎత్వం, కింద వత్తు, మళ్లీ పైన ఎత్వం, కింద వత్తు. చప్పట్ల లయ అక్షరాల్లోనే ఉంది, మనం దాన్ని చెడగొట్టకుండా ఉంటే చాలు. చాలా ఫాంట్లలో మ వత్తు ఒక లోతున, క వత్తు ఇంకో లోతున వేలాడతాయి. రెండింటి అడుగునూ ఒకే గీత మీదికి తెచ్చి, రెండు ఎత్వాలకూ ఒకే వంపు ఇవ్వండి. ఇంతే మార్పు, పేరు మీదైపోతుంది. తర్వాత కాగితాన్ని తలకిందులుగా తిప్పి చూడండి. చదవడం ఆగి ఆకారం మాత్రమే కనబడుతుంది. ఎక్కడ నలుపు ముద్దకట్టిందో అప్పుడు తెలుస్తుంది. చోటు చాలలేదని అక్షరాలను అడ్డంగా సాగదీసేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది: నిలువు గీతలు లావెక్కి, అడ్డగీతలు సన్నగానే మిగులుతాయి.

కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో వత్తులు విడిపోతాయి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లో అయితే, వత్తులను సరిగా కలిపే వరల్డ్-రెడీ కంపోజర్ అనే అమరికను ఎంచుకోవాలి. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లో ఈ తంటా ఉండదు. పని పూర్తయ్యాక అక్షరాలను గీతలుగా మార్చి, ఎంత పెంచినా చెదరని ఎస్‌విజి ఫైలుగా దాచండి. లేకపోతే ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో మీ లోగో ఇంకేదో అయిపోతుంది.

మొదటినుంచీ నలుపు తెలుపుల్లోనే పని చేసి, రంగును ఆఖరున తెండి. ఒక ముఖ్యమైన రంగు, దానికి తోడు ఒకటి, చాలు. చదివే అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య కాంతి భేదం కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణం. పెద్ద అక్షరాలకు 3:1. తెలుపు మీద స్వచ్ఛమైన ఎరుపు 4:1 దగ్గరే ఆగిపోతుంది. తెర రంగుల్లో 0 నుంచి 255 దాకా ఉండే ఆ ఎరుపు విలువను 255 నుంచి 192కు దించితే దాదాపు 6.5:1 వస్తుంది, రంగూ కాస్త హుందాగా మారుతుంది. నల్లటి తెరకు వేరే ఛాయ కావాలి, అదీ ఇప్పుడే తేల్చుకోండి.

వ్యాసాల ఫాంటు లోగో ఫాంటు కానక్కరలేదు. వరసల ఎడం మాత్రం అక్షరం సైజుకు 1.7 రెట్లకు తగ్గనివ్వకండి. తగ్గితే పై వరస వత్తులు కింది వరస గుడులను తాకుతాయి. ఒకే బరువున్న ఫాంటుకు బ్రౌజర్ తనంతట తాను పూసే బొద్దుతనాన్ని, వాల్చే ఏటవాలును వాడకండి. నొక్కి చెప్పాలంటే నిజంగా రెండు బరువులున్న ఫాంటు తీసుకోండి.

ఇవన్నీ ఒకే పేజీలో రాసి ఫైళ్లతో పాటు సంపాదకవర్గానికి ఇవ్వండి. ‘ఈ ఒక్క సంచికకే’ అంటూ లోగోకు మెరుపులు అద్దమనేవారు ఎప్పుడో ఒకప్పుడు వస్తారు. నేపథ్యం మార్చవచ్చు, అక్షరాలను ముట్టుకోకూడదు అని ఆ పేజీ మొదట్లోనే ఉండాలి.