ఎఫ్‌ఎక్స్-8350 ఓవర్‌క్లాక్: టెంపరేచర్ బాగానే ఉంది, స్పీడ్ ఎందుకు పడిపోతోంది?

"అన్నా, ఓవర్‌క్లాక్ (కంపెనీ పెట్టిన స్పీడ్ కంటే పెంచడం) చేశాను, స్పీడ్ రావట్లేదు. ఏ కూలర్ కొనమంటావు?" అని అడిగేవాళ్లని నేను తిరిగి అడిగేది ఒక్కటే: లోడ్ మీద, అంటే చిప్ బరువైన పనిలో ఉన్నప్పుడు, క్లాక్ (చిప్ నడిచే స్పీడ్) ఎంత చూపిస్తోంది? చాలామంది దగ్గర జవాబుండదు. టెంపరేచర్ చూస్తారు, బయోస్‌లో (బోర్డు సెటింగ్‌ల మెనూలో) పెట్టిన నంబర్ చెబుతారు. నిజంగా ఏ స్పీడ్‌తో నడుస్తోందో చూడకుండానే కొత్త కూలర్‌కి డబ్బులు కట్టేస్తారు. ఆ ఒక్క చూపు చూసి ఉంటే సగం కేసులు నా దాకా వచ్చేవే కావు.

ఇక్కడ చెప్పేది ఏఎమ్‌డీ కంపెనీ ప్రాసెసర్ ఎఫ్‌ఎక్స్-8350 గురించి. 2012 అక్టోబర్‌లో వచ్చిన చిప్. బేస్ 4.0 గిగాహెర్ట్జ్, టర్బో (అవసరమైతే తనంతట తానే ఎక్కే స్పీడ్) 4.2, 125 వాట్లు, ఏఎమ్3+ సాకెట్. మల్టిప్లయర్‌కి (స్పీడ్‌ని నిర్ణయించే గుణకానికి) తాళం లేదు కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో దొరికితే ఇప్పటికీ కుర్రాళ్లు ముచ్చటపడి కొంటున్నారు. ఎఫ్‌ఎక్స్-8320 స్పీడ్ అంకెలు వేరైనా, కింది సలహాలు దానికీ వర్తిస్తాయి. కూలర్ కింద పేస్ట్ పూయడం, బయోస్‌లోకి వెళ్లడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు

హెచ్‌డబ్ల్యూఇన్ఫో (ఈ అంకెలు చూపించే సాఫ్ట్‌వేర్) తెరిచి పెట్టుకుని, ప్రైమ్95లో (చిప్‌కి ఫుల్ లోడ్ ఇచ్చే సాఫ్ట్‌వేర్) స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ పరీక్ష 15 నిమిషాలు నడపండి. కోర్ క్లాక్, వీకోర్ (చిప్‌కి అందే వోల్టేజ్), టెంపరేచర్ మూడూ ఒకేసారి కళ్ల ముందు ఉండాలి. ఖాళీగా ఉన్నప్పుడు క్లాక్ 1.4 గిగాహెర్ట్జ్‌కి దిగితే అది కరెంట్ ఆదా కోసం కూల్ అండ్ క్వయట్ అనే ఏర్పాటు చేసే పని, జబ్బు కాదు. లోడ్ మీద దిగితేనే జబ్బు.

ఖాళీగా ఉన్నప్పుడు చూపించే టెంపరేచర్‌ని నమ్మొద్దు. ఈ చిప్‌లోని సెన్సర్ కింది అంకెల దగ్గర సరిగా చెప్పదు. మే నెలలో విజయవాడలో కూర్చుని 15 డిగ్రీలు చూపిస్తోందని సంబరపడినవాళ్లని చూశాను. ఏ గాలి కూలరూ చిప్‌ని గది కంటే చల్లగా చేయలేదు. లోడ్ ఎక్కి అంకె 40 దాటాకే దానికి విలువ.

లక్షణం: రెండు నిమిషాల్లోనే 62 దాటిపోతోంది

ఏఎమ్‌డీ ఈ చిప్‌కి చెప్పిన గరిష్ఠం 61 డిగ్రీలు. ఇంటెల్ చిప్‌లు 80ల్లో నడవడం చూసి అలవాటైనవాళ్లు ఇక్కడే పొరపడతారు.

నిమిషంలోపే అంకె ఎగిరిపోతే కూలర్ సరిగా కూర్చోలేదని అర్థం. అడుగున ఫిల్మ్ తీయకపోవడం, ఒక పక్క క్లిప్ పట్టకపోవడం, ఎండిపోయిన పాత పేస్ట్ మీదే మళ్లీ బిగించడం, ఈ మూడింట్లో ఒకటై ఉంటుంది. మెల్లగా ఎక్కి ఎక్కి 65 దగ్గర నిలబడితే మాత్రం కూలర్ చాలడం లేదు.

కూలర్ ఎంచుకునేటప్పుడు అందరూ మరిచేది గది వేడి. కూలర్ చేసేది చిప్‌ని గది కంటే కొన్ని డిగ్రీల పైన ఆపడం, అంతే. మీ సెటింగ్ మీద ఆ తేడా 30 డిగ్రీలు అనుకోండి. డిసెంబర్‌లో గది 25 ఉంటే చిప్ 55. అదే గది మే మధ్యాహ్నం 40 అయితే చిప్ 70. సెటింగ్ అదే, కూలర్ అదే, పేస్ట్ అదే. "చలికాలంలో బాగా నడిచింది, ఇప్పుడేమో ఆగిపోతోంది" అన్న ఫిర్యాదుకి మూలం ఇదే. బయోస్‌లో రెండు ప్రొఫైళ్లు దాచుకోండి, ఎండాకాలానికి ఒకటి, మిగతా రోజులకి ఒకటి. ఏసీ లేని గదిలో ఎండాకాలం 4.2 దాటొద్దని నా మాట.

బాక్స్‌లో వచ్చిన చిన్న కూలర్‌తో ఓవర్‌క్లాక్ ఆలోచనే వద్దు. హైపర్ 212 లాంటి 120 మిల్లీమీటర్ల ఒంటి టవర్ 4.3, 4.4 దాకా సరిపోతుంది. 4.6 కావాలంటే నాక్టువా డీ15 లాంటి జంట టవర్ కావాలి. కొనేముందు క్యాబినెట్ వెడల్పు కొలవండి: 212 ఈవో ఎత్తు 159 మిల్లీమీటర్లు, డీ15 ఎత్తు 165. సన్న క్యాబినెట్‌లో పక్క డోర్ మూతపడదు. ఇంకొకటి, ఏఎమ్4 కోసమే చేసిన స్క్రూ కూలర్ ఏఎమ్3+కి పట్టదు, రంధ్రాల దూరాలు వేరు. పాత ప్లాస్టిక్ బ్రాకెట్‌కి క్లిప్‌తో తగిలించేవైతే రెండింటికీ పడతాయి.

లక్షణం: టెంపరేచర్ 50 దగ్గరే ఉంది, అయినా క్లాక్ 1.4కి పడి లేస్తోంది

నన్ను బాగా ఏడిపించింది ఇదే, కాబట్టి దీన్ని వివరంగా చెబుతాను.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒక కుర్రాడు 8350 తెచ్చాడు. స్టాక్ కూలర్ మోత భరించలేక, పైగా 4.4కి తీసుకెళ్దామని, నేనే 240 మిల్లీమీటర్ల లిక్విడ్ కూలర్ పెట్టించాను. లోడ్ మీద 48 డిగ్రీలు. ఇద్దరం సంతోషించాం. రెండు రోజులకి ఫోన్: "అన్నా, రెండర్ ఇంతకుముందుకన్నా లేటవుతోంది." పేస్ట్ మార్చాను, పంప్ చూశాను, విండోస్ మళ్లీ ఎక్కించాను. రెండు సాయంత్రాలు పోయాయి. చివరికి రెండర్ నడుస్తుండగా క్లాక్ గ్రాఫ్ చూస్తే 4.4 నుంచి 1.4కి పడటం, కొన్ని సెకన్లకి మళ్లీ లేవడం, మళ్లీ పడటం. చిప్ చల్లగానే ఉంది. కాలిపోతున్నది దాని పక్కనున్న వీఆర్‌ఎమ్.

ఎస్‌ఎమ్‌పీఎస్ (పవర్ సప్లై డబ్బా) ఇచ్చే 12 వోల్టులని చిప్‌కి కావాల్సిన 1.3, 1.4 వోల్టులకి దించేది వీఆర్‌ఎమ్. సాకెట్ పక్కన వరసగా కనిపించే చిన్న చదరపు చోక్‌లూ, వాటి పక్కన నల్లటి మాస్‌ఫెట్లూ అవే. చవక బోర్డుల్లో చిప్ కోర్‌లకి నాలుగు ఫేజ్‌లే (కరెంట్‌ని పంచుకునే దారులు) ఉంటాయి, చాలాసార్లు వాటి మీద వేడి లాగే హీట్‌సింక్ కూడా ఉండదు. వాటి మీద ఎంత భారం పడుతుందో లెక్క వేద్దాం. చిప్ 4.0 దగ్గర 1.325 వోల్టులతో 125 వాట్లు లాగుతోందనుకోండి. కరెంట్ సుమారు 94 ఆంపియర్లు. 4.5కి తీసుకెళ్లి 1.45 వోల్టులు ఇస్తే, పవర్ వోల్టేజ్ వర్గంతో, క్లాక్‌తో పాటు పెరుగుతుంది కాబట్టి, దాదాపు 168 వాట్లు, 116 ఆంపియర్లు. నాలుగు ఫేజ్‌లకి పంచితే ఒక్కోదానికి 29. కరెంట్ పెరిగింది పావు వంతే కానీ మాస్‌ఫెట్‌లో రెసిస్టెన్స్ వల్ల పుట్టే వేడి కరెంట్ వర్గంతో పెరుగుతుంది, అంటే సగం పైన ఎక్కువ. బోర్డు తనని తాను కాపాడుకోవడానికి చిప్‌ని 1.4కి తొక్కేస్తుంది. చల్లబడగానే వదులుతుంది. వేడెక్కితే మళ్లీ తొక్కుతుంది.

మరి స్టాక్ కూలర్‌తో ఎందుకు రాలేదు? ఆ ఫ్యాన్ గాలిని కిందికి, బోర్డు మీదికే కొడుతుంది. ఆ గాలి వీఆర్‌ఎమ్‌ని కూడా చల్లార్చేది. లిక్విడ్ కూలర్ పెట్టాక ఆ చుట్టుపక్కల గాలే ఆడలేదు. టవర్ కూలర్ కూడా గాలిని బోర్డుకి సమాంతరంగా తోస్తుంది, వీఆర్‌ఎమ్‌కి దక్కేది తక్కువ. చిప్‌కి మంచి కూలర్ పెట్టి బోర్డుని ఎండబెట్టాం అన్నమాట.

తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. క్యాబినెట్ పక్క డోర్ తీసి, టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టి ఫుల్లుగా తిప్పండి. అదే లోడ్ నడపండి. క్లాక్ పడకుండా 4.4 దగ్గర నిలిస్తే దోషం వీఆర్‌ఎమ్‌దే. ఫ్యాన్ ఆపండి, కాసేపట్లో మళ్లీ పడుతుంది. ఆ కుర్రాడి మెషీన్‌లో ఐదు నిమిషాలు పట్టింది. నడుస్తున్నప్పుడు మాస్‌ఫెట్ల మీద వేలు పెట్టి చూడొద్దు, చర్మం కాలుతుంది.

మందు ఈ వరసలోనే వేయండి. మొదట వోల్టేజ్ తగ్గించండి. మల్టిప్లయర్ పెంచి వోల్టేజ్ ఆటోలో వదిలేస్తే కొన్ని బోర్డులు అవసరానికి మించి పోస్తాయి. మాన్యువల్‌లో పెట్టి చిప్ నిలబడే కనీసం దాకా దించండి, చాలాసార్లు ఇదొక్కటే సరిపోతుంది. తర్వాత గాలి: 80 మిల్లీమీటర్ల ఫ్యాన్‌ని జిప్ టైలతో వీఆర్‌ఎమ్ ఎదురుగా కట్టండి. చూడ్డానికి బాగోదు, పని మాత్రం చేస్తుంది. హీట్‌సింక్ లేని బోర్డైతే చిన్న అల్యూమినియం సింక్‌లని థర్మల్ టేప్‌తో అంటించండి. ఫెవిక్విక్ వద్దు, అది వేడిని దాటనివ్వదు, ఊడి బోర్డు మీద పడితే షార్ట్ అవుతుంది.

"ఏపీఎమ్ ఆఫ్ చెయ్, అంతా సెట్ అవుతుంది" అని ఎవరో ఒకరు చెబుతారు. ఏపీఎమ్ అనేది చిప్ తన 125 వాట్లు దాటకుండా చూసుకునే ఏర్పాటు. 4.4 నుంచి 3.8 లాంటి చిన్న చిన్న దిగుడులు కనిపిస్తుంటే అది ఏపీఎమ్ పనే కావచ్చు, అప్పుడు ఆఫ్ చేయడంలో తప్పులేదు. కానీ టేబుల్ ఫ్యాన్ పరీక్ష చేశాకే. వీఆర్‌ఎమ్ ఇప్పటికే ఉడుకుతుంటే ఏపీఎమ్ తీయడమంటే దాని మీద ఇంకా బరువు వేయడమే. మాస్‌ఫెట్ కాలిన వాసన వచ్చాక ఆ బోర్డుకి రిపేర్ ఖర్చు కూడా దండగ.

నాలుగు ఫేజ్‌లు, సింక్ లేదు, కొత్త బోర్డు కొనే ఉద్దేశం లేదు అంటే ఓవర్‌క్లాక్ మానేయండి. టర్బో ఆఫ్ చేసి, 4.0 దగ్గరే ఉంచి, వోల్టేజ్‌ని 1.25, 1.275 వైపు దించి చూడండి. నా చేతికొచ్చిన చిప్‌లలో చాలావి అక్కడ నిలబడ్డాయి. పడి లేచే 4.4 కంటే పడని 4.0లోనే రెండర్ ముందు పూర్తవుతుంది.

లక్షణం: క్లాక్ నిలకడగా ఉంది, కానీ బ్లూ స్క్రీన్, లేదా ప్రైమ్95లో వర్కర్ (పరీక్ష నడిపే భాగం) ఆగిపోతోంది

ఇది వోల్టేజ్ చాలకపోవడం. 0x124 ఎర్రర్ వస్తే చాలావరకు అదే. ర్యామ్‌ని 1600 దగ్గర పెట్టి ముందు దాన్ని అనుమానంలోంచి తప్పించండి.

4.4కి నేను మొదలుపెట్టే సెటింగ్: రిఫరెన్స్ క్లాక్ (మల్టిప్లయర్‌తో గుణించే మూల క్లాక్) 200 అలాగే, మల్టిప్లయర్ 22, టర్బో ఆఫ్, వీకోర్ 1.3625, సీపీయూ ఎన్‌బీ (చిప్‌లోని మెమరీ కంట్రోలర్ భాగం) 2200 అలాగే. ఆగితే 0.0125 చొప్పున పెంచాలి. 1.425 దాకా వెళ్లినా నిలవకపోతే ఆ చిప్‌కి 4.4 రాసిపెట్టి లేదు, 4.3కి దిగండి. రిఫరెన్స్ క్లాక్ పెంచొద్దు, దానితోపాటు ర్యామ్, ఎన్‌బీ అన్నీ కదులుతాయి, తర్వాత ఏది పడగొట్టిందో తేల్చలేరు. లోడ్ లైన్ కాలిబ్రేషన్ (లోడ్ మీద వోల్టేజ్ పడిపోకుండా చూసే సెటింగ్) మధ్య మెట్టులో చాలు. ఎక్స్‌ట్రీమ్‌లో పెడితే లోడ్ మీద వోల్టేజ్ మీరు పెట్టినదాన్ని దాటి పోవచ్చు, ఆ భారం మళ్లీ వీఆర్‌ఎమ్ మీదే.

అరుదైనవి

8 పిన్‌ల సీపీయూ పవర్ కనెక్టర్‌లో సగమే గుచ్చి ఉండటం, ఎస్‌ఎమ్‌పీఎస్ నీరసం, పాత బయోస్. పైవన్నీ చూశాకే వీటి జోలికి వెళ్లండి.

కూలర్ విప్పేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త. ఈ చిప్‌కి పిన్‌లు చిప్‌కే ఉంటాయి, సాకెట్‌కి పైన మూత లేదు. పేస్ట్ ఎండి ఉంటే, లాగగానే చిప్ కూడా కూలర్‌తో పాటు ఊడొచ్చి పిన్‌లు వంగుతాయి. ముందు పది నిమిషాలు లోడ్ మీద నడిపి వెచ్చబడనిచ్చి, పవర్ తీసేసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి వదులు చేశాకే పైకి ఎత్తండి.