టైరు మార్చాక మీటరు తేడా చూపిస్తోందా? లక్షణాన్ని బట్టి కారణం పట్టుకోండి

మా బాబాయి జీపుకి 215/75 ఆర్15 టైర్లు ఉండేవి. అవి అరిగిపోయాక, "బండి ఎత్తుగా కనిపిస్తుంది, పొలం దారిలో కింద తగలదు" అని షాపులో చెబితే 235/75 ఆర్15 వేయించాడు. నెల తిరక్కుండానే నాకు ఫోను. "ఒరే, బండి డీజిల్ తాగేస్తోందిరా. లీటరుకి పద్నాలుగు ఇచ్చేది పదమూడుకి పడిపోయింది. ఇంజెక్టర్లు విప్పించి కడిగించాను, అయినా అంతే."

"టైర్లు మార్చాక రీడింగ్ సరిగ్గా తిరుగుతోందో లేదో చూశావా బాబాయ్?" అనడిగాను. చూడలేదు. ఇంజెక్టర్లకి పెట్టిన డబ్బు దండగైపోయింది. టైరు మార్చిన వాళ్లలో చాలామంది ఇలాగే ముందు ఇంజన్నో, మీటర్నో అనుమానిస్తారు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం తెలియాలి. మీటరు రోడ్డుని కొలవదు. చక్రమో, గేర్‌బాక్సు షాఫ్టో ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, చుట్టుకి ఇంత దూరం అని కంపెనీ ముందే పెట్టిన అంకెతో గుణిస్తుంది. మీరు టైరు మార్చిన సంగతి దానికి తెలియదు. పాత అంకెతోనే లెక్క కడుతూ పోతుంది.

తేడా ఎంతో ఇంట్లోనే కొలవండి

టైరు మీద 215/75 ఆర్15 అని ఉందంటే వెడల్పు 215 మిల్లీమీటర్లు. సైడ్‌వాల్ (రిమ్ముకీ, రోడ్డుకి ఆనే భాగానికీ మధ్య ఉండే టైరు పక్క గోడ) ఎత్తు అందులో 75 శాతం, అంటే 161.25. అది పైనా కిందా ఉంటుంది కాబట్టి రెట్టింపు చేస్తే 322.5. రిమ్ము 15 అంగుళాలు, అంటే 381. మొత్తం ఎత్తు 703.5 మిల్లీమీటర్లు. ఇదే లెక్క 235/75 ఆర్15కి వేస్తే 733.5 వస్తుంది. కొత్త ఎత్తుని పాత ఎత్తుతో భాగిస్తే 1.043. అంటే టైరు 4.3 శాతం పెద్దదైంది.

కాగితం మీద లెక్క నమ్మకపోతే సుద్దముక్క, టేపు తీసుకోండి. గాలి సరిగ్గా పట్టించి, చదునైన సిమెంటు నేల మీద బండి ఆపండి. టైరు నేలకి ఆనిన చోట టైరు మీదా, నేల మీదా గీత పెట్టండి. ఒకరు స్టీరింగ్ నేరుగా పట్టుకుంటే ఇంకొకరు మెల్లగా తోయాలి. టైరు మీది గీత ఐదోసారి నేలని తాకిన చోట మళ్లీ గీత పెట్టి, రెండు గీతల మధ్య దూరం కొలవండి. బరువుకి టైరు కింద కొంచెం అణిగి ఉంటుంది కాబట్టి, రేడియల్ టైరు (సైజులో "ఆర్" అని ఉండేది ఇదే) ఒక చుట్టుకి దాని ఎత్తుకి 3.14 రెట్లు కాకుండా సుమారు 3.05 రెట్లు దూరం పోతుంది. ఆ లెక్కన పాత టైరు ఐదు చుట్లకి దాదాపు 10.73 మీటర్లు, కొత్తది 11.19 మీటర్లు. ఐదు చుట్లకి ఒక మూర తేడా! బాబాయి బండి మీటరు సుమారు 466 చుట్లని ఒక కిలోమీటరుగా లెక్కేస్తుంది. కొత్త టైర్లతో అన్ని చుట్లు తిరిగేసరికి బండి 1,043 మీటర్లు వెళ్లిపోతోంది.

ఇక రోడ్డు మీద రెండు పరీక్షలు చేయాలి. ఒకటి వేగానికి: నేరుగా ఉన్న రోడ్డు మీద 80 దగ్గర నిలకడగా వెళ్తుంటే పక్క సీటులో వాళ్లు ఫోనులో జీపీఎస్ వేగం చూడాలి. డ్రైవింగ్ చేసేవాళ్లు చూడకూడదు. రెండోది దూరానికి: జాతీయ రహదారి మీద పసుపు తల ఉన్న కిలోమీటరు రాయి దగ్గర ట్రిప్ మీటర్ (ఎప్పుడు కావాలంటే అప్పుడు సున్నా చేసుకోగల దూరం లెక్క) సున్నా చేసి, ఇరవై రాళ్లు దాటాక చూడండి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొన్ని రాళ్లు అటూ ఇటూ జరుగుతాయి, అందుకే ఒకటి రెండు రాళ్లని నమ్మకండి. ఈ రెండు పరీక్షలూ కలిపి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. ఒక్కటే చూసి తేల్చేస్తే పొరబడతారు.

లక్షణం: ముల్లు జీపీఎస్ కంటే ఎక్కువ చూపిస్తోంది, దూరం మాత్రం సరిపోతోంది

టెన్షన్ అక్కర్లేదు. ఇది కంపెనీ కావాలని పెట్టిన తేడా. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 39 ప్రకారం స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ ఎప్పుడూ చూపించకూడదు. ఎక్కువ చూపించవచ్చు గానీ, అసలు వేగంలో పదో వంతుకి 4 కిలోమీటర్లు కలిపినంత వరకే. అంటే అసలు వేగం 100 ఉంటే ముల్లు 114 వరకు చూపించినా నిబంధన లోపలే. చాలా బళ్లలో ఈ అదనం ముల్లుకే ఉంటుంది, దూరం లెక్కకి ఉండదు. దీన్ని "సరిచేయిస్తాను" అని మీటరు విప్పించకండి.

లక్షణం: ముల్లూ ఎక్కువే, దూరం కూడా ఎక్కువే

టైరు చిన్నదై ఉండాలి. ఉదాహరణకి 185/65 ఆర్15 ఎత్తు 621.5 మిల్లీమీటర్లు. దాని బదులు 185/60 ఆర్15 వేస్తే 603 అవుతుంది, 3 శాతం తక్కువ. బండి 97 కిలోమీటర్లు తిరిగితే మీటరు 100 అంటుంది. మైలేజీ పెరిగినట్టు కనిపిస్తుంది గానీ అది ఉత్తిదే. కిలోమీటరుకి ఇంత అని అద్దెకిచ్చే బండి అయితే ఎక్కినవాళ్లు తిరగని దూరానికి డబ్బు కడతారు. పరిష్కారం సరైన సైజు వేయించడమే.

టైరు మార్చకపోయినా కొంత తేడా వస్తుంది. కొత్త టైరు గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది, 1.6కి అరిగేసరికి ఎత్తులో 12.8 మిల్లీమీటర్లు పోతుంది. 621.5 ఎత్తు టైరుకి అది 2 శాతం. గాలి తగ్గినా ఇదే దిక్కుకి తేడా వస్తుంది, కానీ రేడియల్ టైర్లలో చాలా స్వల్పం. లోపలి స్టీలు బెల్టు పొడవు మారదు కాబట్టి.

లక్షణం: ముల్లు జీపీఎస్‌తో అచ్చంగా సరిపోతోంది, దూరం తక్కువ తిరుగుతోంది

బాబాయి బండి కథ ఇదే, ఎక్కువమంది పొరబడేది కూడా ఇక్కడే. "పెద్ద టైర్లు వేశాక మీటరు కరెక్ట్ అయింది" అని సంతోషపడతారు. కంపెనీ ముల్లుకి పెట్టిన అదనాన్ని పెద్ద టైరు మింగేసింది, అంతే జరిగింది. దూరానికి అలాంటి అదనం లేదు కాబట్టి అక్కడ లోటు బయటపడింది. ఇరవై రాళ్లు దాటితే ట్రిప్ మీటర్ 19.2 చూపించింది.

ఇప్పుడు మైలేజీ మళ్లీ లెక్కేద్దాం. మీటరు ప్రకారం లీటరుకి 13. దాన్ని 1.043తో గుణిస్తే 13.56. అంటే పడిపోయిందనుకున్న ఒక కిలోమీటరులో సగానికి పైగా మీటరు మింగింది. మిగతా 0.44 నిజంగానే తగ్గింది, వెడల్పాటి బరువు టైర్లకి ఆ మాత్రం ఖర్చు ఉంటుంది. ఇంజెక్టర్లకి ఇందులో పాత్రే లేదు.

లక్షణం: ముల్లు జీపీఎస్ కంటే తక్కువ చూపిస్తోంది

దీన్ని ఒక్కరోజు కూడా వాయిదా వేయకండి. టైరు ఎంత పెద్దదైందంటే కంపెనీ పెట్టిన అదనం కూడా చాల్లేదు. మీరు 80 అనుకుంటారు, బండి 84 మీద ఉంటుంది. రోడ్డు పక్క స్పీడ్ గన్ అసలు వేగాన్నే చూస్తుంది, మీ ముల్లుని కాదు. చలానా సంగతి అలా ఉంచి, బ్రేకు వేసే దూరం మీ అంచనా దాటిపోతుంది. వేగం 80 దాటకుండా ఆపే స్పీడ్ గవర్నర్ ఉన్న బండిలో, అది కూడా ఆ చుట్ల లెక్క మీదే నడుస్తుంటే బండిని 80 దాటనిచ్చేస్తుంది. టైర్లు మార్చేయండి.

టైరుతో సంబంధం లేనివి

ముల్లు ఊగుతోందా, సున్నా దగ్గరే పడుకుందా, ఒక్కోసారి పనిచేసి ఒక్కోసారి మానేస్తోందా? కేబులో, సెన్సరో, వైరింగో చూపించండి. టైరు సైజు తేడా ఎప్పుడూ ఒకే శాతంలో ఉంటుంది. చాలా మామూలు బైకుల్లో కేబుల్ ముందు చక్రం నుంచే వస్తుంది. వాటికి వెనక టైరు ఎంత పెద్దది వేసినా మీటరులో మార్పు రాదు.

ఒకటో రెండో టైర్లు మార్చాక ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లైటు వెలిగితే మాత్రం సైజులు కలవలేదేమో చూడండి. చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరుగుతున్నట్టు కంప్యూటరుకి కనిపిస్తుంది. నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే బండిలో ఇది గేర్లని కూడా తినేస్తుంది.

సరిచేసే దారి

డ్రైవర్ తలుపు తీస్తే పక్కన అంటించిన స్టిక్కర్ మీద ఉన్న సైజు వేయించడం అన్నిటికంటే మేలు. రిమ్ము మార్చాలని ఉంటే మొత్తం ఎత్తు 2, 3 శాతం దాటకుండా ఎంచుకోండి. రిమ్ము పెద్దదైతే టైరు పెద్దదైనట్టే అనుకోకండి: స్విఫ్ట్‌లో కింది వేరియంట్లకి వచ్చిన 165/80 ఆర్14 ఎత్తు 619.6, పై వేరియంట్‌కి వచ్చిన 185/65 ఆర్15 ఎత్తు 621.5. తేడా 2 మిల్లీమీటర్లు కూడా లేదు. ఎత్తు చూసుకోవడంతో పాటు, లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె), స్పీడ్ రేటింగ్ (ఎంత వేగం తట్టుకోగలదో చెప్పే అక్షరం) పాత టైరు కంటే తగ్గకుండా చూసుకోవాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి టైరు ఎక్కడా రాసుకోవడం లేదని చూసుకోండి.

కొన్ని మోడళ్లలో సర్వీసు సెంటరువాళ్లు స్కానర్‌తో టైరు కొలత మార్చగలరు. కేబుల్ పాత బళ్లలో గేర్‌బాక్సు దగ్గరి చిన్న పళ్లచక్రం మార్చి సరిచేస్తారు. ఏది చేయించినా జాబ్ కార్డు మీద పాత సైజు, కొత్త సైజు, ఆ రోజు రీడింగ్ రాయించుకోండి. రేపు బండి అమ్మేటప్పుడు మీటరు తిప్పారన్న మాట రాకూడదు. తర్వాత మళ్లీ ఇరవై రాళ్ల పరీక్ష చేయండి.

బాబాయి ఈ టైర్లు అరిగేదాకా వాడి, తర్వాత 215కే వెళ్తానన్నాడు. అప్పటిదాకా సర్వీసు పుస్తకం మొదటి పేజీలో ఒక చీటీ అంటించాను: "రీడింగ్‌ని 1.043తో గుణించాలి. 10,000కి మార్చాల్సిన ఆయిల్, మీటరులో 9,590 తిరగ్గానే మార్చాలి."